చిన్న డంబెల్, బిగించిన పట్టీ: బీఎఫ్ఆర్‌లో తేడా ఎక్కడ కొడుతోంది?

జబ్బకు పట్టీ బిగించి మూడు కిలోల డంబెల్‌తో కర్ల్స్ కొడుతున్నవాణ్ని చూసి నవ్వేవాళ్లు ఏ జిమ్‌లోనైనా ఉంటారు. పద్ధతి మాత్రం నవ్వులాట కాదు. జపాన్‌లో యోషియాకి సాతో 1960లలో మొదలుపెట్టిన ‘కాట్సు’ నుంచి వచ్చిందే ఈ బ్లడ్ ఫ్లో రిస్ట్రిక్షన్, ముద్దుగా బీఎఫ్ఆర్. మడిలోకి నీళ్లు పారుతుండగా బయటికి పోయే తూము మూసినట్టు, కండలోకి రక్తం వస్తూనే ఉంటుంది, తిరిగి పోయేది మాత్రం చాలావరకు ఆగుతుంది. అక్కడ ఆక్సిజన్ తగ్గుతుంది, కష్టపడే కండలో తయారయ్యే లాక్టేట్ లాంటివి పేరుకుంటాయి. దాంతో మామూలుగా పెద్ద బరువులకే లేచే కండ పోగులు చిన్న బరువుకే పనిలోకి దిగుతాయి. మోకాలి ఆపరేషన్ తర్వాత తొడ సన్నబడి, బరువులు ఎత్తలేని వాళ్లకు ఫిజియోలు దీన్ని చేయించేది అందుకే.

అసలు లెక్క ఇది: ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే బరువులో 20 నుంచి 30 శాతం. మొదటి సెట్ (విడత) 30 రెప్స్, అంటే 30 సార్లు ఎత్తి దించడం, తర్వాత మూడు సెట్లు 15 చొప్పున, మొత్తం 75, మధ్యలో 30 సెకన్ల నుంచి నిమిషం దాకా విశ్రాంతి. వారానికి రెండు, మూడుసార్లు చాలు. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం బిగుతు దగ్గరే తేలతాయి.

చెయ్యి తిమ్మిరెక్కుతోంది, వేళ్లు పాలిపోతున్నాయి

కారణం: మరీ బిగించారు, లేదా పట్టీ సన్నగా ఉంది, లేదా తప్పు చోట కట్టారు. ఈ మూడూ ఒకేసారి చేసేవాళ్లు కూడా ఉన్నారు. రక్తం తీసేటప్పుడు కట్టే రబ్బరు ట్యూబు లాంటిది వాడితే ఒత్తిడంతా ఒకే గీత మీద పడి నరం నలుగుతుంది. కండలో మంట పుట్టాలి. కరెంటు కొట్టినట్టు జిల్లుమంటే అది వేరే సంగతి.

ఏం చేయాలి: వెంటనే విప్పేయండి. “ఈ సెట్ అయ్యాక చూద్దాం” అనొద్దు. తిమ్మిరి పోయాక, కనీసం 5 సెంటీమీటర్ల వెడల్పున్న పట్టీని టీషర్టు చేతి మీదుగా, చంకకు దగ్గరగా, కండ ఉబ్బెత్తుకు పైన కట్టండి. కాలికైతే గజ్జకు దగ్గరగా, తొడ పైభాగంలో. మోచేతి మీద, మోకాలి మీద, పిక్క మీద కట్టకూడదు. పదిలో పది అంటే ఇంక బిగించలేనంత అనుకుంటే, కాలికి ఏడు, చేతికి ఇంకాస్త తక్కువ. ఇప్పుడు గోరు నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు, మూడు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. పడలేదంటే లోపలికి రావాల్సిన రక్తాన్నే ఆపేశారన్నమాట, వదులు చేయండి.

అంచనా బిగుతు మీద నమ్మకం లేకపోతే గాలి కొట్టే కఫ్ కొనుక్కోవడం మేలు. రక్తం పూర్తిగా ఆగిపోయే ఒత్తిడి మనిషి మనిషికీ వేరు, కఫ్ వెడల్పుని బట్టి కూడా మారుతుంది. అందులో 40 నుంచి 80 శాతం మధ్య పెడతారు, చేతులకు కింది అంకెల దగ్గర, కాళ్లకు పై అంకెల దగ్గర. స్నేహితుడి కఫ్ మీద కనిపించిన నంబరే మనమూ పెట్టుకోవడం దండగ.

75 రెప్స్ హాయిగా అయిపోతున్నాయి, కండ ఉబ్బి బిగిసే ‘పంప్’ లేదు

పట్టీ వదులైనా అయ్యుండాలి, సెట్ల మధ్య ఫోన్ చూసుకుంటూ రెండు నిమిషాలు గడిపేస్తున్నారైనా అయ్యుండాలి. కొందరు ప్రతి సెట్‌కీ పట్టీ విప్పుతారు, పేరుకున్నదంతా కొట్టుకుపోతుంది. నాలుగు సెట్లూ పట్టీతోనే చేసి, వ్యాయామం మారేటప్పుడు విప్పండి. బిగుతూ, విశ్రాంతీ సరిగా ఉన్నా తేలికగానే ఉంటే బరువు పెంచండి. పట్టీ మాత్రం ఇంకా బిగించొద్దు.

రెండో సెట్‌కే చేతులెత్తేస్తున్నాను

బరువు ఎక్కువైంది. గరిష్ఠంగా 15 కిలోలు ఎత్తేవాళ్లకి ఇక్కడ 3 నుంచి 4.5 కిలోలు సరిపోతుంది. అహం పక్కనపెట్టి గులాబీ రంగు డంబెల్ తీసుకోండి. చివరి సెట్‌లో రెండు, మూడు రెప్స్ తక్కువ పడితే మాత్రం ఫరవాలేదు.

తల తిరుగుతోంది

ఊపిరి బిగబట్టి చేస్తుంటారు, చాలామంది గమనించుకోరు. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి. ఒకేసారి రెండు కాళ్లకూ, రెండు చేతులకూ కట్టొద్దు. బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర, వెరికోస్ వెయిన్స్, సికిల్ సెల్, ముదిరిన షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా పట్టీ ముట్టుకోకండి.

పట్టీ తీశాక కూడా ఏదో తేడాగా ఉంది

పట్టీ ఉన్న చోట చిన్న ఎర్రచుక్కలు వస్తే చర్మం నలిగిందని అర్థం, అడుగున గుడ్డ వేస్తే సరి. కింది రెండింటికి మాత్రం ఇంటి చిట్కాలు లేవు. ఒకే కాలు వాచి, నొప్పి, వేడి తగ్గకపోతే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. కండలు విపరీతంగా నొప్పెట్టి, మూత్రం కోలా రంగులో వస్తే కండ పోగులు దెబ్బతిని కిడ్నీల మీద భారం పడుతుండొచ్చు. రెండింటికీ అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రెండోది మొదటి రోజే అత్యుత్సాహంతో చేసేవాళ్లకు వచ్చే ముప్పు, అందుకే మొదటి వారం 75 రెప్స్ పెట్టుకోకుండా రెండు సెట్లతో ఆపండి.

వారాలు గడిచినా సైజు రాలేదు

తిండి చూడండి. శరీర బరువులో కిలోకి 1.6 గ్రాముల ప్రొటీన్ మంచి గురి, 60 కిలోల మనిషికి 96 గ్రాములు. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే, కాబట్టి పళ్లెంలో సగానికి పైగా అన్నం, మీద రెండు గరిటెల పప్పు పోసుకుని ‘ప్రొటీన్ తింటున్నా’ అంటే కుదరదు. పప్పు పెంచి, పెరుగు, గుడ్లు, చికెన్, సోయా లాంటివి చేర్చుకోవాలి.

జబ్బలు పెరిగాయి, బలం అంతగా పెరగలేదు

ఇది లోపం కాదు, పద్ధతి తీరే అంత. కండ పెరుగుదలలో బీఎఫ్ఆర్ పెద్ద బరువులకు దాదాపు సాటి వస్తుంది, బలంలో వెనకబడుతుంది. కీళ్లు సహకరించేవాళ్లు పెద్ద బరువుల సెట్లు ముందు పూర్తిచేసి, పట్టీని చివర్లో కర్ల్స్‌కో లెగ్ ఎక్స్‌టెన్షన్‌కో వాడుకుంటే సరి.