ఈమెయిల్‌లో ప్యాచ్ పంపడం – 4వ పాఠం: దారిలో చెడిపోకుండా

ఈ పాఠమంతా లినక్స్ కెర్నల్‌కు పంపే ప్యాచ్ (కోడ్‌లో మార్పును చూపే ఫైలు) రెండో రూపం, అంటే సమీక్ష తర్వాత సరిదిద్ది పంపే వి2 గురించే అనుకున్నాను. మూడో పాఠం అభ్యాసంగా మీరు పంపిన ప్యాచ్‌లు చూశాక అది వెనక్కి జరిగింది. నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల నుంచి వచ్చినవాటిలో ఎక్కువ భాగం గిట్ ఏఎమ్‌కు, అంటే మెయిల్‌లో వచ్చిన ప్యాచ్‌ను కోడ్‌లో అతికించే గిట్ ఆదేశానికి, లొంగలేదు. కోడ్ బాగుంది, వివరణ బాగుంది. పాడైంది దారిలోనే.

మార్పును మెయిల్ రూపంలో ఫైలుగా రాసే గిట్ ఫార్మాట్-ప్యాచ్ ఇచ్చిన ఫైలును తెరిచి, మొత్తం కాపీ చేసి, బ్రౌజర్‌లోని మెయిల్‌లో అతికించారు. దయచేసి ఈ పని ఇక చేయకండి. లినక్స్ కెర్నల్ కోడ్‌లో వరుసలను లోపలికి జరిపేది ట్యాబ్‌తోనే. ఒక్కో ట్యాబ్‌కు ఎనిమిది అక్షరాల వెడల్పు. బ్రౌజర్ మెయిల్ వాటిని ఖాళీలుగా మార్చేస్తుంది. తెర మీద తేడా కనిపించదు, గిట్‌కు మాత్రం అది వేరే వరుస. మీరు మార్చిన చోటుకు పైన మూడు, కింద మూడు పాత వరుసలు ప్యాచ్‌లో ఉంటాయి కదా, ఎక్కడ అతకాలో గిట్ వాటిని బట్టే పోల్చుకుంటుంది. పుట్టపాకలో తేలియా రుమాలు నేసేటప్పుడు రంగద్దిన పడుగూ పేకా సరిగ్గా కలవకపోతే పువ్వు చెదురుతుంది, ఇక్కడా అంతే. పైగా పొడవైన వరుసను మెయిల్ మధ్యలో విరిచేస్తుంది. విరిగిన ముక్క ముందు కూడిక గుర్తూ ఉండదు, తీసివేత గుర్తూ ఉండదు. ప్యాచ్ చెడిపోయిందంటూ గిట్ అక్కడే ఆగిపోతుంది.

“ఫైలును జతచేస్తే సరిపోదా సార్?” అని అడిగారు. ట్యాబ్‌లు భద్రంగానే ఉంటాయి. కానీ సమీక్షించేవారు మీ కోడ్‌లోని వరుసను జవాబులో ఉంచుకుని, దాని కిందే వ్యాఖ్య రాస్తారు. జతచేసిన ఫైలుతో ఆ వీలు ఉండదు. రంగులూ అక్షరశైలులూ ఉండే హెచ్‌టీఎంఎల్ మెయిల్‌నైతే కెర్నల్ సర్వర్ తిప్పి పంపేస్తుంది.

కాబట్టి గిట్ సెండ్-ఇమెయిల్ ఒక్కటే వాడండి. దాని అమరిక రెండో పాఠంలో ఉంది. నేను ఏ ప్యాచ్‌నైనా ముందు నా చిరునామాకే పంపుకుంటాను, అది అతికాకే బయటికి పంపుతాను.

ఇక జవాబుల సంగతి. సమీక్షకుడు నాలుగు ప్రశ్నలు వేస్తే మీలో కొందరు పైన “ఓకే సర్” అని రాసి, కింద ఆయన మెయిల్ మొత్తం వదిలేశారు. పెద్దలకు ఎదురు చెప్పకూడదన్న మన్నన అది, నాకు తెలుసు. కానీ అక్కడ మన్నన అంటే ప్రతి ప్రశ్నకూ దాని కిందే జవాబు రాయడం. ఆయన మాట తప్పనిపిస్తే కారణంతో చెప్పండి. “ఈ పాయింటర్ ఇక్కడ నల్ అయ్యే వీలు లేదు, పై ఫంక్షన్‌లోనే తనిఖీ జరిగింది” అన్న ఒక్క వాక్యం పది క్షమాపణల కంటే మేలు. ఆయన మెయిల్‌లో అక్కర్లేని వరుసలు తీసేయండి.

వి2కు గిట్ ఫార్మాట్-ప్యాచ్‌లో -వి2 అని ఇవ్వండి. ఏమేం మారాయో మూడు గీతల గుర్తు (---) కింద రాయండి. అక్కడ రాసింది కమిట్ వివరణలోకి, అంటే కోడ్ చరిత్రలో నిలిచే మాటల్లోకి, వెళ్లదు. జవాబు రాకపోతే కనీసం వారం ఆగాకే గుర్తుచేయండి.

అభ్యాసం: మూడు ప్యాచ్‌ల వరుసకు ముందు ఒక పరిచయ లేఖ పెట్టి మీకు మీరే పంపుకోండి. కొత్తగా క్లోన్ చేసిన (కోడ్ మొత్తాన్ని నకలు తెచ్చుకున్న) చోట గిట్ ఏఎమ్‌తో అతికించండి. తర్వాత అవే ప్యాచ్‌లను బ్రౌజర్‌లో అతికించి పంపి, రెండు మెయిళ్ల మూలపాఠాలను పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన ప్రతి వరుసనూ, అది ట్యాబ్ వల్లా విరుపు వల్లా అన్నదానితో సహా, రాసి పంపండి. నాకు పంపే ఈ జాబితాను గిట్ సెండ్-ఇమెయిల్‌తోనే పంపాలి.