ఫ్లాష్‌బ్యాక్ రాగానే జనం ఫోన్లు తీస్తున్నారా?

కోనసీమలో షార్ట్ ఫిల్ము తీద్దామనుకునేవాళ్లకి చేతికందే కథే తీసుకుందాం. కొబ్బరితోట కొట్టించి రొయ్యల చెరువు తవ్విద్దామంటాడు కొడుకు. కుదరదంటాడు తండ్రి. ఆయన మొండితనం వెనక 1996 నవంబరు 6 రాత్రి తుపాను ఉంది.

సమస్య: గతం మొదలవగానే ప్రేక్షకుడు ఫోన్ తీస్తున్నాడు.

కారణం: అతను అడక్కముందే మీరు చెప్పేశారు. మూడో నిమిషంలోనే తండ్రి ఆకాశం కేసి చూస్తాడు, గాలివాన మొదలు. ఆయనెవరో ఇంకా మనకి పట్టనే లేదు.

పరిష్కారం: దాచి ఉంచండి. లీజు కాగితాలొస్తాయి, ఆయన సంతకం పెట్టడు. కొబ్బరికాయల దింపు తీసేవాళ్లొస్తే గట్టు చివర చెట్టు మాత్రం ఎక్కనివ్వడు, ఎందుకో చెప్పడు. "ఏవుంది ఆ చెట్టులో?" అని చూసేవాళ్లకి అనిపించాకే వెనక్కి వెళ్లండి. తుపానంతా చూపించక్కర్లేదు (బడ్జెట్టూ ఉండదు). తెల్లారేసరికి తోటంతా నేలమట్టం; నిలబడ్డ ఆ ఒక్క చెట్టుకి తువ్వాలుతో తనను కట్టేసుకున్న మనిషి. అంతే చాలు.

సమస్య: ఇది అప్పుడో ఇప్పుడో తెలియట్లేదు.

కారణం: బొమ్మ పసుపురంగులోకి మార్చేస్తే పనైపోయిందనుకోవడం.

పరిష్కారం: ముందు చప్పుడు పంపండి. పక్క చెరువులో ఏరేటర్లు నీళ్లు కొట్టే మోత మెల్లగా గాలి హోరుగా మారాలి. బొమ్మ మాత్రం ఇంకా తండ్రి మొహం మీదే ఉండాలి. ఆ తర్వాతే కట్. ఎడిటర్లు దీన్నే జె-కట్ అంటారు. వస్తువులూ చూసుకోండి. ఎదుర్లంక నుంచి యానాం వెళ్లడానికి అప్పటికి వంతెన లేదు, పంటు (రేవు దాటించే పడవ) ఎక్కాల్సిందే. బైకుని వంతెన మీద పోనిచ్చారో, మన ముసలాళ్లు అక్కడికక్కడే పట్టేస్తారు.

సమస్య: తండ్రి జ్ఞాపకంలో తల్లి వంటింట్లో ఒంటరిగా ఏడుస్తోంది. ఆయన అక్కడ లేడే! ఆ సీను తీసెయ్యండి, లేదా ఆవిడ చేతే చెప్పించండి.

సమస్య: తిరిగొచ్చాక కథ చల్లారిపోతోంది.

కారణం: వెళ్లకముందు ఎలా ఉన్నారో, వచ్చాకా అలాగే ఉన్నారు. కొడుకు మళ్లీ అదే అడుగుతాడు, తండ్రి మళ్లీ అదే అంటాడు.

పరిష్కారం: వచ్చిన మొదటి షాట్‌లోనే ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యాలి. కొడుకు కాగితాలు మడిచి జేబులో పెట్టుకోవచ్చు. లేదా తండ్రే సంతకం పెట్టి, ఆ చెట్టు చుట్టూ ఐదు సెంట్లు వదిలి తవ్వుకోమనొచ్చు; నాకైతే ఇదే బావుంది. రెండూ కుదరకపోతే ఫ్లాష్‌బ్యాక్ మొత్తం ఎత్తేసి, ఆయన చేత రెండు ముక్కలు చెప్పించి చూడండి. ఆ మాటలకే సీను నిలబడితే వానమిషను అద్దె మిగిలినట్టే.