ముందు పళ్ళు చూడండి, తర్వాత జత కట్టండి

ఎడ్ల బండలాగుడు పోటీలకి వెళ్ళినవాళ్ళకి ఈ సంగతి తెలుసు. బండ కట్టే ముందు ఎడ్ల నోరు తెరిచి పళ్ళు చూస్తారు. పాలపళ్ళవి ఒక విభాగం, రెండు పళ్ళవి ఒకటి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి, ఆ పైన సీనియర్స్. ఎడ్లకి ఇంత చూసే మనం మనుషుల డ్యాన్సు పోటీకి మాత్రం పేరు రాసుకుని స్టేజి ఎక్కించేస్తాం.

నేను పాలకొల్లు దగ్గర ఇరవై రెండేళ్ళుగా కూచిపూడి నేర్పుతున్నాను. సంక్రాంతికి చుట్టుపక్కల ఊళ్ళలో "ప్రముఖుల డ్యాన్సు పోటీ" అని పెడతారు, టీవీ చూసి పెట్టినవే. జడ్జీగా నన్ను పిలుస్తారు. ఒక భోగి రాత్రి ఐదుగురు పోటీ పడ్డారు: సర్పంచ్ గారు, ఆర్ఎంపీ డాక్టర్ గారు, రొయ్యల చెరువులాయన, పీఈటీ మాస్టారు, బ్యాంకు మేనేజరు గారి భార్య. ఆవిడ మోకాళ్ళు పక్కలకి వంచి అరమండిలో కూర్చున్న మొదటి క్షణమే నాకు తెలిసిపోయింది, ఏళ్ళ తరబడి నేర్చుకున్న కాలు అది. తెలిసీ నోరు మెదపలేదు. ముప్పైకి ఇరవై ఎనిమిది వేశాను. బహుమతి ఇస్తుంటే డాక్టర్ గారు మైకు అందుకుని, "టీచర్ గారూ, ఇది పోటీయా, అరంగేట్రమా?" అన్నారు. జనం గొల్లున నవ్వారు. పాపం ఆవిడ టెంటు వెనక్కి వెళ్ళి ఏడ్చింది. "నన్నెవరూ అడగలేదండీ" అంది. నిజమే, అడగలేదు. ఆ తప్పు ఆవిడది కాదు, నాదీ కమిటీదీ.

అందుకని మొదటి పని, అడగండి. "డ్యాన్సు వచ్చా?" అని అడిగితే లాభం లేదు, మన గోదావరి వాళ్ళు మర్యాదకైనా "అబ్బే, ఏదో సరదాకండీ" అనేస్తారు. కాగితం మీద రాయించండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎన్నేళ్ళు, సర్టిఫికెట్ పరీక్ష ఏమైనా రాశారా, చివరిసారి స్టేజి ఎక్కింది ఎప్పుడు, ఈ పాటకి స్టెప్పులు ఎవరు కట్టారు. ఆఖరి ప్రశ్న మర్చిపోవద్దు. భీమవరం నుంచి డ్యాన్సు మాస్టర్ని పిలిపించుకుని నెల్లాళ్ళు ప్రాక్టీసు చేసేవాళ్ళు ఉంటారు.

రాయించాక అసలు చిక్కు మొదలవుతుంది. ఏది అనుభవం, ఏది కాదు? పెద్ద షోల్లోనూ ఇదే గొడవ. అమెరికాలో "డాన్సింగ్ విత్ ద స్టార్స్" 2008లో గెలిచిన క్రిస్టీ యమగుచి, 1992 ఒలింపిక్స్‌లో ఫిగర్ స్కేటింగ్ స్వర్ణం తెచ్చుకున్న మనిషి. బ్రిటన్‌లో ఐస్ మీద ఆడే "డాన్సింగ్ ఆన్ ఐస్" పోటీని 2013లో జిమ్నాస్ట్ బెత్ ట్వెడిల్ గెలిచింది. 2019లో గెలిచిన జేమ్స్ జోర్డన్ అంతకుముందు వేరే షోలో సెలబ్రిటీలకి డ్యాన్సు నేర్పిన ప్రొఫెషనల్. హిందీ "ఝలక్ దిఖ్‌లా జా" తొమ్మిదో సీజన్ గెలిచిన తెరియా మగర్ అప్పటికే పిల్లల డ్యాన్సు షో ఒకటి గెలిచింది.

వీళ్ళందరినీ ఒకే గాట కట్టకూడదు. తెరియా చేసింది అంతకుముందు చేసిన పనే. యమగుచి నేల మీదకి వచ్చింది, జోర్డన్ ఐస్ మీదకి వెళ్ళాడు. కాలి కింద నేల మారితే పాదం మళ్ళీ నేర్చుకోవాలి. కానీ మెడ, చేతులు, చూపు ఎక్కడికీ పోవు. నేను మూడు విడివిడిగా చూస్తాను: పాదం, తాళం, జనం ముందు నిలబడే ధైర్యం. వీటిలో రెండు ముందే ఉన్నవాళ్ళని, కొత్తవాళ్ళతో కలపకుండా, అనుభవం ఉన్నవాళ్ళ రెండో విభాగంలో వేస్తాను. మా రొయ్యల చెరువులాయన మేత బస్తా భుజాన వేసుకుని ఇరవై ఏళ్ళుగా సన్నని గట్ల మీద నడుస్తున్నాడు. ఆయన బ్యాలెన్సు నా శిష్యులకి లేదు. అదీ అనుభవమే, అయినా దాని గురించి ఎవరూ మైకు పట్టుకోరు!

అందరికీ కొత్తదైన ఐటమ్ ఇస్తే సరిపోతుందని ఒక కమిటీ వాళ్ళు అందరిచేతా, కుండలాంటి గరగ నెత్తిన పెట్టుకుని ఆడే గరగ నృత్యం చేయించారు. కొంత పని చేసింది. నెత్తిన గరగ ఉంటే అరమండి కాపాడదు. తాళం తెలిసినవాళ్ళు మాత్రం రెండో రోజుకే దారిలో పడ్డారు.

మార్కులు సగం ఆటకి, సగం ఎదుగుదలకి వేయండి. ఎదుగుదల తెలియాలంటే మొదటి రిహార్సల్ ఫోన్లో వీడియో తీయాలి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. మొదటి రోజు వీడియోతోనే పోలుస్తారని తెలిస్తే కొందరు కావాలని తడబడతారు. పీఈటీ మాస్టారు ఒకసారి నా ఎదుట చేయి ఏదో కాలు ఏదో అన్నట్టు ఆడి, బయటికెళ్ళి పిల్లలకి అదే స్టెప్పు చక్కగా వేసి చూపించారు. అప్పటినుంచీ మొదటి మూడు రిహార్సల్స్ తీసి, వాటిలో మెరుగైనదానితో పోలుస్తున్నాను.

జనం ఓటు పెడితే జాగ్రత్త. బ్రిటన్ "స్ట్రిక్ట్‌లీ కమ్ డాన్సింగ్" 2018 ఫైనల్లో పాప్ బృందంలో పాడుతూ ఆడిన యాష్లీ రాబర్ట్స్ ఉంది, గెలిచింది మాత్రం డాక్యుమెంటరీలు తీసే స్టేసీ డూలీ. అంత పెద్ద దేశంలో ఓటు అలా సర్దుబాటు చేస్తుందేమో కానీ, మన ఊళ్ళో ఎవరి వీధి పెద్దదైతే వాళ్ళదే కప్పు. ఓటుకి నాలుగో వంతు విలువ మించనివ్వకండి.

ఇక నింపిన కాగితాన్ని పోటీ మొదలవగానే మైకులో చదివేయండి. "ఫలానావారు ఆరేళ్ళు కూచిపూడి నేర్చుకున్నారు, మానేసి పద్దెనిమిదేళ్ళయింది" అని ముందే వింటే జనం అనుమానంగా కాక ఆసక్తిగా చూస్తారు.

మరుసటి సంక్రాంతికి ఆ కాగితాలు పంచాం. మేనేజరు గారి భార్య సరిగ్గా ఆ మాటలే రాసి, నవ్వుతూ రెండో విభాగంలో కూర్చుంది. ఆవిడకి పోటీగా ఎవరినీ వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. డాక్టర్ గారి కాగితంలో, వంకర టింకర అక్షరాలతో, "పద్యనాటకాల్లో శ్రీకృష్ణుడి వేషం, పదకొండేళ్ళు" అని ఉంది.