ముందు ఫోర్కు వెడల్పు చేశాక బండి మాట వినడం లేదా?

1980లో హార్లీ వైడ్ గ్లైడ్ వచ్చినప్పటి నుంచి వెడల్పాటి ఫ్రంట్ ఎండ్ (ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు భాగం) మీద క్రూయిజర్ వాళ్లకు మోజు తగ్గలేదు. బిగించి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుంటే కడుపు నిండిపోతుంది. టెన్షన్ మొదలయ్యేది తొలి రైడ్‌లోనే. మార్చింది ఫోర్కు రెండు కాళ్ల మధ్య దూరమే అనుకుంటాం కానీ దాంతోపాటు ట్రిపుల్ ట్రీ (కాళ్లను ఫ్రేము మెడకు పట్టి ఉంచే క్లాంపులు), ఇరుసు, దాని మీద చక్రానికి రెండు పక్కలా వేసే బుష్‌లు, బ్రేకు క్యాలిపర్ స్థానం, ఒక్కోసారి టైరు సైజు కూడా మారిపోతాయి. అందుకే లక్షణం ఒకచోట కనిపిస్తే తప్పు ఇంకోచోట దొరుకుతుంది.

బండి ఒక పక్కకు లాగుతోంది

మొదటి అనుమానం చక్రం నడిమధ్యలో లేదని. రెండు పక్కలా ఒకే పొడవు బుష్‌లు వేస్తే సరిపోతుందనుకుని చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఒకే డిస్క్ ఉన్న హబ్ రెండు పక్కలా ఒకేలా ఉండదు. కాబట్టి హబ్‌ను వదిలేసి, రిమ్ అంచు నుంచి ఫోర్కు కాలి దాకా రెండు పక్కలా కొలవండి. తర్వాత వెనక టైరుకు రెండు వైపులా ఆనించి ముందుకు దారం లాగండి. హ్యాండిల్ తిన్నగా ఉంచితే, ముందు టైరుకూ దారానికీ మధ్య సందు రెండు వైపులా సమానంగా రావాలి.

తేడా ఉంటే లేత్ మీద కొలతకు బుష్ చేయించండి. వాషర్లు పేర్చి సర్దొద్దు. డిస్క్ క్యాలిపర్ మధ్యలో సరిగ్గా కూర్చుని రిమ్ ఒక్కటే పక్కకు ఉంటే, స్పోకుల చక్రమైతే స్పోకులు సర్ది రిమ్‌ను జరపొచ్చు. అల్లాయ్ చక్రానికి ఆ వీలు లేదు.

ఫోర్కు బిగుసుకుపోయి, ఆగి ఆగి దిగుతోంది

నా బండికి ఇదే వచ్చింది. ఆయిల్ తప్పేమోనని రెండుసార్లు మార్చాను. చివరికి ఇరుసు చివరను ఫోర్కు కాలిలో బిగించి పట్టే పించ్ బోల్టు వదులు చేయగానే కుడి కాలు టక్కుమని 3 మిల్లీమీటర్లు బయటికి జరిగింది. బుష్ ఆ మేరకు పొట్టిది. నట్టు బిగించినప్పుడు ఇరుసు రెండు కాళ్లనూ లోపలికి లాక్కుంది. కాళ్లు సమాంతరంగా లేకపోతే ట్యూబులు ఒరుసుకుంటాయి, కొన్నాళ్లకు ఆయిల్ సీల్ కూడా కారుతుంది.

సరైన బుష్ వేశాక బిగించే వరుస కూడా ముఖ్యం. ముందు ఇరుసు నట్టు బిగించండి. పించ్ బోల్టు వదులుగానే ఉంచి, బండిని నేల మీదకు దింపి ముందు భాగాన్ని ఐదారుసార్లు గట్టిగా కిందికి నొక్కండి. కాళ్లు తమ చోటు తామే వెతుక్కుంటాయి. పించ్ బోల్టు ఆ తర్వాతే.

వేగం తగ్గుతుంటే హ్యాండిల్ వణుకుతోంది

ఇది ఎక్కువగా కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే మెడలోని బేరింగులు) పని. వదులుగా ఉంటే బ్రేకు వేసినప్పుడు మెడలో టక్‌మంటుంది. మరీ బిగిస్తే బండి నెమ్మదిగా వెళ్లేటప్పుడు తిన్నగా పోదు, తాగినవాడిలా అటూ ఇటూ తూలుతుంది.

ఫ్రేము కింద జాకీ పెట్టి ముందు చక్రం లేపండి, బండి ఒరగకుండా కట్టండి. కాళ్లను అడుగున పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే ఆట ఉండకూడదు. మధ్యలోంచి వేలితో తోస్తే హ్యాండిల్ తనంతట తాను పక్కకు వాలాలి. ఈ పరీక్షకు ముందు కేబుళ్లు, హోసు తప్పించకపోతే అవి ఆపినదాన్ని మీరు బేరింగు బిగువు అనుకుంటారు. మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే బేరింగూ కప్పులూ కలిపి మార్చాల్సిందే. కొత్తవి కొద్ది దూరం తిరిగాక కూర్చుంటాయి, అప్పుడు మళ్లీ సర్దండి.

కోన్‌సెట్ బాగుండి కూడా వణికితే టైరు అరుగుదల, బ్యాలెన్సు చూడండి.

హ్యాండిల్ మరీ తేలిగ్గా, లేదా మరీ బరువుగా ఉంది

అసలు చిక్కు ఇక్కడుంది, కంటికి కనిపించదు కూడా. మెడ గొట్టం వాలును కిందికి పొడిగిస్తే నేలను తాకే చోటు ఒకటి, టైరు నేలను తాకే చోటు ఒకటి. ఆ రెంటి మధ్య దూరమే ట్రెయిల్. బండి తిన్నగా పోవాలనుకోవడం దీని చలవే. ట్రిపుల్ ట్రీ కాళ్లను మెడకు ఎంత ముందు పట్టుకుంటుందో అది ఆఫ్‌సెట్. కొత్త ట్రీ కొనేటప్పుడు వెడల్పు చూస్తాం, ఆఫ్‌సెట్ అడగం.

లెక్క చూడండి. చక్రం వ్యాసార్థం 320 మిల్లీమీటర్లు, మెడ వాలు 30 డిగ్రీలు, ఆఫ్‌సెట్ 50 అయితే ట్రెయిల్ సుమారు 127. ఆఫ్‌సెట్ 70 అయితే 104కి పడిపోతుంది, హ్యాండిల్ తేలికవుతుంది. ట్రీలో అదనపు వాలు ఉన్న రకమైతే ఇంకా తగ్గుతుంది. అవి పొడవాటి ఫోర్కుల కోసం చేసినవి, మామూలు పొడవు ఫోర్కుకు బిగిస్తే వేగంలో ప్రమాదం. పొడవాటి ఫోర్కును మామూలు ట్రీలో పెడితే దీనికి వ్యతిరేకం జరుగుతుంది. ట్రెయిల్ పెరిగి, నెమ్మదిగా తిప్పేటప్పుడు హ్యాండిల్ బరువెక్కుతుంది.

పాత ట్రీ ఆఫ్‌సెట్ కొలిచి, దానికి దగ్గరగా ఉన్నదే తీసుకోండి. కొద్ది తేడా అయితే ట్యూబులను క్లాంపుల్లో పైకో కిందికో సమానంగా జరిపి కొంత సర్దవచ్చు. పైకి జరిపితే మాత్రం ఫోర్కు పూర్తిగా దిగినప్పుడు టైరు, మడ్‌గార్డు కింది ట్రీకి తగలకుండా చూసుకోవాలి.

పూర్తిగా తిప్పితే ట్యాంకుకు తగులుతోంది

కొత్త ట్రీ స్టాపులు (హ్యాండిల్ ఎంతవరకు తిరగాలో ఆపేవి) మీ ఫ్రేముకు సరిపోలేదు. స్టాపును వెల్డింగ్‌తో పెంచండి. మూలకు తిప్పినప్పుడు బ్రేకు హోసు, క్లచ్ కేబులు బిగుసుకోకూడదు. బిగుసుకుంటే పొడవైనవి వేయండి, లాగి సర్దొద్దు.

బ్రేకు లివరు మెత్తగా, లేదా రాయిలా ఉంది

ఒక క్యాలిపర్ చోట రెండు వేసి పాత మాస్టర్ సిలిండర్ (లివరు దగ్గర బ్రేకు ఆయిల్‌ను తోసే భాగం) ఉంచితే లివరు హ్యాండిల్ దాకా దిగుతుంది. చిన్న క్యాలిపర్‌కు పెద్ద మాస్టర్ పెడితే లివరు రాయి, బ్రేకు అంతంతమాత్రం. పిస్టన్ల సైజుకు తగ్గ మాస్టర్ మార్చండి. బ్రేకు ఆయిల్‌లోంచి ఎన్నిసార్లు గాలి తీసినా ఇది పోదు. వరుసగా నొక్కి వదిలే కొద్దీ లివరు గట్టిపడుతుంటే మాత్రం తప్పు గాలిదే.

స్పీడోమీటరు తప్పు చూపిస్తోంది

రీడింగు ముందు చక్రం నుంచి వచ్చే బండ్లకే ఇది. 100/90-19 టైరు ఎత్తు సుమారు 663 మిల్లీమీటర్లు, 130/90-16ది 640. మొదటిది తీసి రెండోది వేస్తే చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది కాబట్టి మీటరు మూడున్నర శాతం దాకా ఎక్కువ చూపిస్తుంది, దాంతో పెద్ద ఇబ్బంది లేదు. 80/90-21 వేస్తే ఎత్తు 677, అప్పుడు రెండు శాతానికి పైగా తక్కువ చూపిస్తుంది. గేరో, క్యాలిబ్రేషనో మార్చాల్సింది ఆ బండికి.