ఎన్ఎఫ్ఎస్ బిగుసుకుపోతే

మా హన్మకొండ కాలేజీ ల్యాబ్‌లో పిల్లల హోమ్ డైరెక్టరీలన్నీ ఎన్ఎఫ్ఎస్ (సర్వర్‌లోని ఫైళ్లను నెట్‌వర్క్ మీదుగా వాడుకునే పద్ధతి) మీదే ఉంటాయి. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ (ls) కొట్టగానే టెర్మినల్ ఆగిపోయిందా? టెన్షన్‌తో రీబూట్ చేయకండి, ఆధారాలన్నీ పోతాయి. డిస్క్‌లో ఖాళీ ఎంతుందో చూపే డీఎఫ్ (df) కూడా కొట్టొద్దు, అదీ ఇరుక్కుంటుంది.

రూట్‌గా లాగినై, ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్‌ (ps) కమాండ్‌లో డీ స్టేట్‌లో (దేనికోసమో కదలకుండా ఎదురుచూసే స్థితిలో) ఉన్న ప్రాసెస్‌ని పట్టుకోండి. ప్రాక్ (/proc) డైరెక్టరీలో దాని పీఐడీ (ప్రాసెస్ నంబరు) కింద ఉన్న స్టాక్ ఫైల్ చదవండి, ఆ ప్రాసెస్ కెర్నల్‌లో ఎక్కడ ఆగిందో అది చూపిస్తుంది. అసలు సంగతి అక్కడే తెలుస్తుంది. ఆర్‌పీసీ (సర్వర్‌కి పంపే అభ్యర్థన) వెయిట్ కనిపిస్తే కెర్నల్ సర్వర్ జవాబు కోసం చూస్తోందన్నమాట. పింగ్ వస్తోంది కదా అని వదిలేయకుండా సర్వర్‌లో ఎన్ఎఫ్ఎస్ వాడే 2049 పోర్టు పలుకుతోందో లేదో చూడండి.

స్టాక్‌లో మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరే పట్టుకోగల లాక్) మాత్రమే ఉంటే ఆ ప్రాసెస్ వేరేదాని వెనక లైన్లో నిలబడిందని అర్థం. సిస్‌ఆర్‌క్యూ డబ్ల్యూ (కెర్నల్‌కి నేరుగా ఇచ్చే SysRq-w ఆదేశం) ఇస్తే ఇరుక్కున్నవన్నీ డీమెసేజ్‌లో (dmesg, కెర్నల్ లాగ్) పడతాయి. లాక్ పట్టుకున్నది చాలాసార్లు అందులోనే దొరుకుతుంది.

హ్యాంగ్ తప్పించుకోవడానికి సాఫ్ట్ మౌంట్ (సర్వర్ పలకకపోతే కొంతసేపటికి ఎర్రర్ ఇచ్చి వదిలేసే సెట్టింగ్) మాత్రం పెట్టకండి. రాస్తున్న డేటా పాడయ్యే ప్రమాదముంది.