మే నెలలో ‘చరిత్రలో ఈ రోజు’ బోర్డు రాయడం ఎలా?

రోజుకు ఒక సంఘటన, ఒక పుట్టినరోజు చాలు. నాలుగైదు కుక్కితే ఎవరూ ఆగి చదవరు. వరుస ఇలా: ‘మే 28, 1923: ఎన్.టి.రామారావు జననం, నిమ్మకూరు.’

ఎక్కువగా బోల్తా పడేది జయంతి, వర్ధంతి దగ్గరే. మే 27 కందుకూరి వీరేశలింగం కన్నుమూసిన రోజు (1919). ఆయన పుట్టింది 1848 ఏప్రిల్ 16న. మే 7న మరీ జాగ్రత్త. 1861లో రవీంద్రనాథ్ టాగూర్ పుట్టిందీ, 1924లో అల్లూరి సీతారామరాజును కాల్చి చంపిందీ ఆ రోజే. రెండింటికీ ఒకే పూల బొమ్మ అస్సలు వేయొద్దు. అల్లూరి పేరు పక్కన ‘వర్ధంతి’ అని పెద్దక్షరాల్లో రాయండి. బెంగాల్‌లో టాగూర్ జయంతి వాళ్ల క్యాలెండర్ ప్రకారం మే 8నో 9నో వస్తుంది, అది తప్పు కాదు.

బుద్ధ పూర్ణిమ తిథిని బట్టి మారుతుంది. నిరుటి బోర్డు కాకుండా ఈ ఏటి పంచాంగం చూడండి.