పీహెచ్‌డీకి చెన్నై వచ్చావా? ముందు ల్యాబ్‌లోంచి బయటికి రా

ఐఐటీ మద్రాస్‌లో నా మొదటి ఆర్నెల్లు ల్యాబ్, రూమ్, మళ్లీ ల్యాబ్, పక్క రూమోడు గుంటూరోడని కూడా తెలీదు. నువ్వలా చెయ్యకు. మెస్‌లో ఫోన్ జేబులో పెట్టి వేరే డిపార్ట్‌మెంట్ వాళ్ల పక్కన కూర్చో. శనివారం రాత్రి ఓపెన్ ఎయిర్ థియేటర్ సినిమాకి ఒక్కడివే వెళ్లినా పర్లేదు, ఎవడో ఒకడు కొంచెం జరుగు బ్రో అంటాడు, పరిచయం అక్కడే మొదలు.

ఉగాదికి మనోళ్లు కలుస్తుంటే పచ్చడి పని నువ్వే మీదేసుకో, వేపపువ్వు ముందురోజే వెతికిపెట్టు, చింతపండు నానబెట్టు, మామిడికాయ పుల్లగా ఉందో లేదో కొరికి చూడు, బెల్లం మాత్రం కిటికీ దగ్గర పెట్టకు, కోతులు ఎత్తుకుపోతాయి (మాది పోయింది). తమిళ ఫ్రెండ్స్‌ని కూడా పిలువు, వాళ్లొచ్చాక మాత్రం తెలుగులోనే వాయించకు.